గోపుచ్ఛము: ఉక్కునగరమున ఒక వడ్రంగి విద్య

కొన్ని మాటలు పశువుల కొట్టమునుండి బయలుదేరి పండితసభవరకు నడచినవి. మొదట లావుగ నుండి క్రమక్రమముగ సన్నగిల్లి కొనదేరు ఆకారమును సంస్కృతమున గోపుచ్ఛమనిరి. పారసీకమునుండి హిందీలోనికి వచ్చిన గావ్‌దుమ్ అను మాటకును అర్థమదియే; గావ్ అనగా గోవు, దుమ్ అనగా తోక. రెండు భాషలవారును ఒకే జంతువును చూచి ఒకే ఆకారమునకు పేరు పెట్టుకొనిరి. మన సంగీతశాస్త్రమునను ఈ మాట కలదు. సాహిత్యపాదము వరుసగ కుదించుకొనుచు పోవు కూర్పును గోపుచ్ఛయతి యందురు. ముత్తుస్వామి దీక్షితులు ఆనందభైరవి రాగమున రచించిన కృతి యొకటి దానికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అదే ఆకారము వ్రాతబల్ల కాలియందును కానవచ్చును. పైన పట్టెలతో కలియుచోట లావుగ నుండి, నేలను తాకుచోట సగమునకు సన్నగిల్లిన చతురస్రపు కొయ్యకాలు అది.

ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేమి యుండునని తోచవచ్చును. కాని ఆ కాలిని చేయబూనిన వడ్రంగి మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనక ఉలి యెత్తలేడు. ఎచటినుండి తగ్గింపవలెను? ఎంత తగ్గింపవలెను? ఏ వైపునుండి తగ్గింపవలెను? ఈ మూడు ప్రశ్నలే జంషెడ్‌పూరు నగరములో మరి రెండు చోట్ల వేరు రూపములతో ఎదురైనవి. మొదటిది ఇనుము పోతపోయు శాల. రెండవది నగరమునకు నైరృతిదిశను వ్యాపించిన సింగ్‌భూమ్ అరణ్యము. వడ్రంగి బల్లపైనను, పోతశాలలోను వానికి తగిన సమాధానములు దొరకినవి. అరణ్యమున ఆ ప్రశ్నలు సకాలమున అడుగబడలేదు. ఉక్కునకు పేరుపొందిన నగరమున కొయ్యను గూర్చి చర్చించుటకు కారణమదియే.

మన దేశమున బల్ల అనాదిగ నున్న వస్తువు కాదు. నేలపై కూర్చుండి తినుట, వ్రాయుట, పనిచేయుట అలవాటైన ప్రజకు పీట, చాప, మంచము చాలినవి. మంచపుకోళ్లను తరిమెన పట్టించి గుండ్రముగ చేయుట మన వడ్రంగులకు సుపరిచితము. ఉత్తరదేశమున వానిని పాయా లందురు. రంగురంగుల లక్క పూసిన పాయాలు పెండ్లి మంచములకు అలంకారములు. కాని తరిమెనపై తిరుగు కోడు వేరు, చిత్రిక పట్టి వాలు తీర్చిన చదరపు కాలు వేరు. మేజ్ అను మాట, దాని తెలుగు రూపమైన మేజా, కుర్చీ అను మాట ఇవన్నియు బయటినుండి వచ్చినవి. ఆ వస్తువులు కచేరీలతోను కోఠీలతోను మన యూళ్లలో ప్రవేశించినవి. చదరపు కాలు వానితోపాటు వచ్చినది.

ఆ రాక తెలుగుదేశపు తీరముననే స్పష్టముగ కనబడును. 1682లో ఆంగ్లేయులు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. పదునెనిమిదవ శతాబ్ది నడుమకు ఆ పట్టణము అద్దకపు బట్టలకును, దంతము పొదిగిన కొయ్యసామానునకును పేరొందినది. అచటి పనివారు ఇరుగుడు, నల్లచేవ, టేకు మొదలగు కలపపై ఏనుగు దంతపు రేకులు పొదిగి, వానిపై లతలు గీచి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. ఇంగ్లండులో శతాబ్ది పూర్వార్ధమున జంతువుకాలివలె వంపు తిరిగిన కాళ్లు వాడుకలో నుండెను. తరువాత పురాతన రోమను శిల్పముపై మక్కువ హెచ్చి, వంపుకాలు పోయి నిటారు గోపుచ్ఛకాలు వచ్చినది. 1788లో ప్రచురింపబడిన హెపుల్‌వైట్ నమూనాల గ్రంథము, 1791 మొదలు 1794 వరకు వెలువడిన షెరటన్ గ్రంథము ఆ మార్పును స్థిరపరచినవి. ఓడలపై వచ్చిన ఆ చిత్రపటములను చూచి విశాఖపట్టణపు పనివారు బల్లలు, పెట్టెలు, కుర్చీలు చేసిరి. వానిలో కొన్ని నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున కలవు. వస్తువులకు ఊరి పేరు మిగిలినది. చేసినవారి పేర్లు దాదాపుగ ఏవియు మిగులలేదు.

బెంగాల్ నాగపూర్ రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్ది చివర సింగ్‌భూమ్ కొండలను చీల్చుకొని వెళ్లినది. 1904లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూర్‌భంజ్ సంస్థానమునందలి ఇనుపరాతిని గూర్చి టాటాలకు తెలియజేసెను. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపింపబడినది. సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునకు సమీపమున, సాక్చీ యను గ్రామమువద్ద కర్మాగారము లేచినది. 1911 చివర మొదటి ఇనుము, 1912లో మొదటి ఉక్కు వెలువడెను. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరని పేరు పెట్టెను. కాలీమాటీ రైలుస్టేషను టాటానగర్ అయ్యెను. బీహారు, బెంగాలు, ఒడిషా, పంజాబు, తెలుగు ప్రాంతములనుండి పనివారు తరలివచ్చిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు బిస్టుపూరు, కదమా మొదలగు పేటలలో స్థిరపడి గుడులును సంఘములును ఏర్పరచుకొనిరి.

ఇట్టి నగరమునకు బల్లలు వేలకొలది కావలసివచ్చును. కార్యాలయములు, చిత్తుపటములు గీయు గదులు, ఆసుపత్రులు, పాఠశాలలు, ఉద్యోగుల ఇండ్లు, ఇవియన్నియు నేలమీద కూర్చుండి జరుపు పనులు కావు. కాని ఉక్కుకర్మాగారమునకు వడ్రంగితో ఇంతకంటె లోతైన అవసరము కలదు. కర్మాగారపు యంత్రములలో విరిగిన పండ్లచక్రమునకు, అరిగిన తొడుగునకు మారుగా క్రొత్తది పోతపోయవలెనన్నచో ముందుగ దాని ఆకారమును కొయ్యతో చేయవలెను. ఆ కొయ్యనమూనాను పెట్టెలో నుంచి చుట్టును తడియిసుక దట్టించి, నమూనాను పైకి లాగివేసి, మిగిలిన ఖాళీలో కరగిన లోహము పోయుదురు. అనగా ఇసుక అచ్చున పోసిన ఇనుపవస్తువు అంతకుముందు కొయ్యవస్తువుగ నుండినదే. నమూనా చేయు వడ్రంగము సాధారణ వడ్రంగమునుండి వేరుపడిన ప్రత్యేక విద్య.

ఆ విద్యలో మొదటి సూత్రము గోపుచ్ఛమే. నమూనా గోడలు సరిగ నిటారుగ నున్నచో, దానిని ఇసుకలోనుండి లాగునపుడు చివరివరకు ఇసుకను రాచుకొనుచు వచ్చును. అంచులు విరిగి అచ్చు చెడిపోవును. గోడలకు స్వల్పముగ వాలు ఇచ్చినచో, నమూనా వెండ్రుకవాసి కదలినంతనే ఇసుకనుండి విడివడి, ఏ అంచును తాకక బయటికి వచ్చును. చేతితో అచ్చు కట్టునపుడు ఈ వాలు సాధారణముగ ఒకటినుండి మూడు డిగ్రీలు. లోపలి తలములకు మరికొంత అధికము. అచ్చు రెండు భాగములు కలియు గీతవద్ద నమూనా అన్నిటికంటె లావుగ నుండవలెను. ఆ గీతనుండి దూరమగుకొలది సన్నగిల్లవలెను. ఎచటినుండి తగ్గింపవలెను, ఎంత, ఏ వైపునకు అను మూడు ప్రశ్నలకు పోతశాల ఇచ్చిన సమాధానమిది.

తగ్గింపుతోపాటు హెచ్చింపును కలదు. కరగిన లోహము చల్లారుచు కుదించుకొనును. పోతయినుము అడుగునకు అంగుళములో ఎనిమిదవ వంతు కుదించుకొనును. ఉక్కు అడుగునకు పావు అంగుళము. అందుచే నమూనా వడ్రంగి వాడు కొలబద్ద బజారులోని కొలబద్ద కాదు. ఏ లోహమునకు నమూనా చేయుచున్నాడో ఆ లోహము యొక్క సంకోచమును ముందే చేర్చి గీచిన పొడవైన కొలబద్ద అది. దానిపై ఒక అడుగు అని వ్రాసియున్నచోట నిజముగ అడుగుకంటె అధికముండును. ఇట్టి పనికి సరళమైన నార గలిగి, తడికి ఉబ్బక, ఎండకు వంగక యుండు కలప కావలెను. టేకు, మహాగని వంటివి అందుకు వాడుదురు.

ఇపుడు బల్లకాలిని చూతము. సాధారణమైన వ్రాతబల్ల ఎత్తు ముప్పది అంగుళములకు కొంచెము తక్కువ. బల్లపలక మందమును తీసివేయగా కాలు సుమారు ఇరువదితొమ్మిది అంగుళములు. పైభాగము రెండంగుళముల చతురస్రము. నాలుగు కాళ్లను కలుపు పట్టెలు పైన అయిదంగుళముల మేర కాళ్లలోనికి దూరును. ఆ మేర కాలు చదరముగనే యుండవలెను. పట్టె క్రింది అంచునుండి వాలు మొదలై, ఇరువదినాలుగు అంగుళములు దిగి, నేలవద్ద ఒక అంగుళముతో ముగియును. వాలును ఒకే తలమున తీసినచో అది సుమారు 2.4 డిగ్రీలు, ఎదురెదురు తలములకు సమముగ పంచినచో ఒక్కొక్కటి సుమారు 1.2 డిగ్రీలు. పోతశాలలో నమూనాకు ఇచ్చు వాలును బల్లకాలికి ఇచ్చు వాలును ఒకే పరిమితిలో నున్నవి. ఒకచోట ప్రయోజనము ఇసుకనుండి విడుదల, వేరొకచోట కంటికి తేలికదనము. అయినను చెయ్యి నేర్చుకొనవలసిన పని యొక్కటే: నిటారుగ తోచునంత స్వల్పముగ, కాని నిటారు కాకుండ కొయ్యను తీర్చుట.

ఏ వైపునుండి తగ్గింపవలెనను ప్రశ్నకు హెపుల్‌వైట్ కాలపు పనివారు ఎక్కువగ ఇచ్చిన సమాధానము లోపలి రెండు తలములనుండి యని. బయటి రెండు తలములు నిటారుగనే యుండును. దీనికి కారణములు రెండు. నాలుగు తలములను సమముగ తగ్గించినచో పాదములు బల్లమూలలనుండి లోనికి జరుగును. బల్ల నిలుచు వైశాల్యము తగ్గును. రెండవది చూపునకు సంబంధించినది. బయటి అంచు నిటారుగ నుండి లోపలి అంచు దూరముగ జరిగినపుడు కాళ్లు స్వల్పముగ ఎడమై స్థిరముగ నిలిచినట్లు తోచును. నాలుగు వైపులను సన్నగించినపుడు మోకాళ్లు దగ్గరచేర్చుకొని నిలిచిన మనిషివలె కనబడును.

ఎంత తగ్గింపవచ్చుననుటకు లెక్క కలదు. బల్లను ప్రక్కకు నెట్టినపుడు కాలు వంగజూచును. ఆ వంచు బలము పాదమువద్ద శూన్యము. పైకి పోవుకొలది క్రమముగ హెచ్చి, పట్టెతో కలియుచోట అత్యధికమగును. కనుక క్రిందిభాగమున కలప తగ్గించుటచే సాధారణముగ హాని లేదు. కాని చదరపు కాలి బలము దాని ప్రక్క కొలత యొక్క ఘనమును అనుసరించును. కొలత సగమైనచో బలము ఎనిమిదవ వంతునకు పడిపోవును. పాదపు కొలత పైకొలతలో మూడింట రెండు వంతులకు తగ్గనంతవరకు అత్యధికమైన ఒత్తిడి అతుకువద్దనే యుండును. అంతకంటె సన్నగించినచో ఆ స్థానము కాలివెంట క్రిందికి దిగును. రెండంగుళములనుండి ఒక అంగుళమునకు సన్నగించిన కాలిలో అది సరిగ వాలుభాగపు నడుమకు వచ్చును. అచట ఒత్తిడి పట్టెవద్దికంటె నూటికి పదునెనిమిది వంతులు అధికము. నడుమ ముడి యున్న చెక్కను ఇట్టి కాలికి వాడినచో విరుగునని అనుభవము గల వడ్రంగికి ఈ గణితము లేకయే తెలియును. గణితము అతని యనుభవమునకు సాక్షి మాత్రమే.

పనిలో క్రమమును ముఖ్యమైనది. కుసులు దూర్చు రంధ్రములను కాలు ఇంకను చదరముగ నున్నపుడే తొలువవలెను. వాలు తీసిన పిమ్మట దానిని సరిగ పట్టి నిలుపుట కష్టము. తరువాత మూలమట్టముతో పట్టె క్రింది గీతను గీచి, పాదముపై మిగులవలసిన చతురస్రమును గుర్తించి, రెంటిని కలుపు వాలుగీతను గీయుదురు. రంపముతో గీతకు కొంచెము వెలుపలగ కోసి, మిగిలినదానిని చిత్రికతో తీయుదురు. చిత్రికను లావు కొననుండి సన్నని కొనవైపునకే నడుపవలెను. వాలుతలముపై కొయ్యనార తెగి యుండును గనుక, ఎదురు నడిపినచో నార లేచి చీలును. ఒక వెడల్పు చెక్కలో రెండు కాళ్లను తలక్రిందులుగ ఇముడ్చుటయు కలదు. ఒకదాని తలవద్ద వేరొకదాని పాదము వచ్చునట్లు గీచినచో, ఒక తలమున వాలు గల రెండు కాళ్లు నాలుగంగుళములకు మించిన చెక్కకు బదులు మూడున్నర అంగుళముల చెక్కలోనే దొరకును. కొయ్యను మితముగ వాడుట ఆ విద్యలోని భాగము.

ఇంతవరకు వచ్చినపిమ్మట ఆ కొయ్య ఎచటిదను ప్రశ్న తప్పదు. సింగ్‌భూమ్ కొండలపై సహజముగ పెరుగునది సాలవృక్షము. తెలుగున దీనిని గుగ్గిలపు చెట్టందురు; హిమాలయపు పాదమునుండి వచ్చిన ఈ జాతి ఉత్తరాంధ్రపు కొండలవరకు వ్యాపించినది. ఏడువందల కొండల నాడని పేరొందిన సారండా దీనికి ప్రసిద్ధ స్థానము. సాలపు కలప బరువైనది, గట్టిది, నేలలో పాతినను ఏండ్లతరబడి చెడనిది. అందుచే రైలుపట్టాల క్రింది దిమ్మెలకు అది శ్రేష్ఠమయ్యెను. ఆ రైలే దానిని కొండలనుండి కొనిపోయినది. కాని దాని నార పొరపొరకు దిశ మార్చుచు పెనవేసికొని యుండును. ఎండునపుడు పగుళ్లు వచ్చును. చిత్రికకు అది సులభముగ లొంగదు. దానితో దూలము చేయవచ్చును గాని సన్నని గోపుచ్ఛకాలు చేయుట కష్టము. గమ్హార్ అను గుమ్మడిటేకు తేలికైనది, వంగనిది, ఉలికి మెత్తనిది. ఝార్ఖండ్ ఇండ్లలో తలుపులకును సామానునకును వాడుకలో నున్నది. శీశమ్ బరువును అందమును గలది. అన్నిటిలో బల్లకాలికి అనువైనది టేకు. సరళమైన నార, నూనెగుణము, స్థిరత్వము మూడును దానియందున్నవి. బజారున విలువయు దానికే. కాని అది ఆ కొండలలో పుట్టిన చెట్టు కాదు.

సాలవృక్షమును కలపగ మాత్రమే చూచినవారికి దాని వెల యొకటి. దాని నీడను బ్రతికిన హో, ముండా, సంతాల్ జాతులకు దాని విలువ వేరొకటి. వసంతమున సాలము పూచినపుడు సర్‌హుల్ పండుగ వచ్చును. హో జనులు దానిని బా పరబ్ అందురు. ఆ పూవును గ్రామపు పూజారి దేవతల కర్పించినగాని క్రొత్తపూవును వాడుకొనరు. ఆకులు విస్తళ్లగును, విత్తనములనుండి నూనె వచ్చును, జిగురు ధూపమగును, పుల్ల పలుదోముటకు పనికివచ్చును. ఇవియన్నియు చెట్టు నిలిచియుండగనే లభించునవి. పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రభుత్వము ఆ యడవులను రక్షితారణ్యములుగ ప్రకటించి జనుల హక్కులను కుదించెను. ఇరువదవ శతాబ్దిలో అవే కొండలలో నోవాముండి, గువా మొదలగుచోట్ల ఇనుపగనులు త్రవ్వబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952 నాటి జాతీయ అటవీ విధానము సమీపగ్రామముల అవసరములకంటె దేశము యొక్క అవసరములకు ప్రాధాన్యమిచ్చెను.

1970వ దశకమున బీహారు రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ సింగ్‌భూమ్ సాలవనములను కొట్టివేసి వానిచోట టేకును నాటుటకు పూనుకొనెను. లెక్కపుస్తకములో అది లాభకరముగనే కనబడెను: తక్కువ వెల గల చెట్టు పోయి ఎక్కువ వెల గల చెట్టు వచ్చును. కాని టేకు వనములో విస్తరాకు లేదు, నూనెగింజ లేదు, పండుగపూవు లేదు. అది కోతకు వచ్చుటకు మనుష్యుని ఆయుర్దాయమంత కాలము పట్టును. కోసిననాడు దాని వెల ఆ గ్రామమునకు చెందదు. 1978లో ఆదివాసులు ఉద్యమించి టేకు నారుమడులను ధ్వంసము చేసిరి, నాటిన మొక్కలను పెరికివేసిరి. సాలమనిన ఝార్ఖండ్, సాగ్వాన్ అనిన బీహారు అను మాట వారి నినాదమయ్యెను. ఒక చెట్టు పేరు ఒక రాష్ట్రపు కోరికగ మారుట మన దేశచరిత్రలో అరుదు. పోలీసు చర్యలు తీవ్రమైనవి. 1980 సెప్టెంబరు 8వ తేదీన గువాలో కాల్పులు జరిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. నేటికిని ఏటేట ఆ దినమున గువాలో వారిని స్మరింతురు. 2000 నవంబరు 15వ తేదీన ఝార్ఖండ్ రాష్ట్రము ఏర్పడెను.

ఈ కథలో బల్లకాలిని దోషిగ నిలుపుట న్యాయము కాదు. టేకును కోరినది ఒక్క జంషెడ్‌పూరు కాదు. దేశమంతటి బజారు కోరినది. కాని వడ్రంగి తన పనిలో పాటించు నియమమును అటవీ విధానముతో పోల్చి చూచుట అప్రస్తుతము గాదు. వడ్రంగి కాలిని సన్నగించునపుడు ముందుగ భారము ఎచట మోయబడుచున్నదో చూచును. అతుకు నుండు మేర రంపమును తాకనీయడు. అతుకు దాటినపిమ్మటనే తగ్గింపు మొదలుపెట్టును. అరణ్యమున భారము మోయు అతుకు గ్రామమునకును చెట్టునకును గల సంబంధము. తగ్గింపు మొదలైనది సరిగ ఆ యతుకువద్ద.

తరువాతి కాలమున విధానములు మారినవి. 1988 నాటి జాతీయ అటవీ విధానము ఆదాయమునకంటె ప్రకృతి సమతౌల్యమునకును, అడవిని ఆశ్రయించిన జనుల అవసరములకును ముందు స్థానమిచ్చెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు గోదావర్మన్ వ్యాజ్యమున ఇచ్చిన ఉత్తర్వు అడవిలో చెట్లు కొట్టుటను, అడవుల సమీపమున రంపపుకోత మిల్లులు నడుపుటను కట్టుదిట్టముగ నియంత్రించెను. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము ఆదివాసుల హక్కులను గుర్తించెను. వీని ఫలితముగను, వెల హెచ్చుటచేతను, బల్లలు ప్లైవుడ్డునకును ఇనుమునకును మరలినవి. జంషెడ్‌పూరులోనే 1950వ దశకమున ఇండియన్ ట్యూబ్ కంపెనీ ఉక్కుగొట్టములు చేయ నారంభించెను. పాఠశాలల బల్లలకు, కార్యాలయపు కుర్చీలకు అట్టి గొట్టములే కాళ్లైనవి. గొట్టము లోన బోలు గనుక బరువు తక్కువ. పైనుండి క్రిందివరకు సామాన్యముగ ఒకే లావు. అచట మూడు ప్రశ్నలను అడుగవలసిన పని లేదు. కొలతకు కోసి వంచి అతికినచో చాలును.

కొయ్యకాలికి లోకమున గౌరవము తగ్గలేదు. ఆ గౌరవము ఎవరికి దక్కినదను విషయమొకటి కలదు. 1950, 1960 దశకములలో చండీగఢ్ నగరము కట్టునపుడు పియరు జాన్నరే పర్యవేక్షణలో కార్యాలయములకు టేకు బల్లలు, కుర్చీలు వేలకొలది తయారైనవి. క్రిందికి సన్నగిల్లి, తలక్రిందులైన వీ అక్షరమువలె కలియు వాని కాళ్లు ప్రసిద్ధి కెక్కినవి. పాతసామానుగ అమ్ముడుపోయినవి విదేశపు వేలములలో అధికమైన వెలలు పలుకగా, 2011లో కేంద్ర హోంమంత్రిత్వశాఖ వాని అమ్మకమును ఎగుమతిని నివారింప నాదేశించెను. ఆ వస్తువులపై వాస్తుశిల్పి పేరు నిలిచినది. వాలు తీసి చిత్రిక పట్టిన పనివారి పేర్లు, విశాఖపట్టణపు దంతపు పనివారి పేర్లవలె, సామాన్యముగ తెలియరావు.

జంషెడ్‌పూరు నమూనా వడ్రంగుల స్థితియు దాదాపుగ నిట్టిదే. కర్మాగారపు చరిత్రలలో గనిని కనుగొన్నవాడు, ధనము కూర్చినవాడు, కొలిమిని నిర్మించినవాడు కనిపింతురు. కొలిమినుండి వచ్చిన లోహమునకు ఆకారమిచ్చిన కొయ్యను చేసినవాడు అరుదుగ కనిపించును. అతని పని పోతపోయుటకు ముందే ఇసుకనుండి తీసివేయబడును. అది మిగులకుండుటయే దాని సఫలత. నేడు పెద్ద పోతశాలలలో నమూనాలను కంప్యూటరు నడుపు యంత్రములు కోయుచున్నవి. కొయ్యకు బదులు అల్యూమినియము, ప్లాస్టిక్ జిగురుదిమ్మెలు, ఇసుకలోనే ఆవిరియై పోవు నురుగుదిమ్మెలు వచ్చినవి. నురుగునమూనాను లాగి తీయవలసిన పని లేదు గనుక దానికి వాలును స్వల్పమే చాలును. చేతిపనిలో మొదటి పాఠమైనది యంత్రపుపనిలో గణకుడు నింపు ఒక అంకె యైనది.

అయినను ఆ విద్య పూర్తిగ పోయినదనుట తొందరపాటగును. ఖర్కాయీ నదికి ఆవలనున్న ఆదిత్యపూరు పారిశ్రామికవాడలో చిన్న కర్మాగారములు అనేకము కలవు. ఒకటి రెండు వస్తువులు మాత్రమే పోతపోయవలసినచోట చేతితో చేసిన కొయ్యనమూనా ఇప్పటికిని చౌకయైన మార్గము. ఏటేట సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మపూజ నగరమంతట జరుగును. ఆ దినమున క్రేనునకును ఉలికిని ఒకే కుంకుమ. సాలవనములు మిగిలినచోట్ల సాలము ఇంకను పూచుచున్నది.

బల్లకాలు మోయు భారము కొద్దిది. అయినను దానిని సన్నగించుటకు ముందు వడ్రంగి అతుకు ఎచటనున్నదో వెదకి, అచట గీత గీచి, ఆ గీతకు దిగువననే రంపము నుంచెను. సింగ్‌భూమ్ అడవిలో అట్టి గీతను ప్రభుత్వము ముందుగ గీయలేదు. పోయిన ప్రాణముల పిమ్మట ఉద్యమమును చట్టములును దానిని గీయవలసివచ్చెను. ఆ గీత ఇకముందు ఎంతవరకు మన్నింపబడునను దానిపైననే సారండా సాలవనముల భవిష్యత్తును, వానిని ఆశ్రయించిన గ్రామముల భవిష్యత్తును ఆధారపడియున్నవి.